హంపీ యాత్ర: విహారమా, వ్యాజ్యమా?

మన తెలుగు సంఘములవారు పిల్లాపాపలతో హంపీకి పోయివచ్చుట యొక వాడుక యైనది. సంతోషమే. బళ్ళారి, హోసపేట, గంగావతి, రాయచూరు సీమలలో తరతరములుగా స్థిరపడిన మనకు హంపీ దూరపుచుట్టము కాదు, పొరుగింటి పెద్ద. ఐనను ఈ రాకపోకల తీరు చూడగా నాకు సంతోషముకంటె విచారమే యెక్కువగుచున్నది. మనలో కొందరికి హంపీ యొక విహారస్థలము. మరికొందరికి అది యొక వ్యాజ్యము. దానిని యాత్రాస్థలముగా చూచువారు నానాటికి తగ్గుచున్నారు. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చును. తోచినను చెప్పక తప్పదు.

మొదట విహారమును గూర్చి చెప్పెదను. తెల్లవారక మునుపే బస్సు బయలుదేరును. త్రోవ పొడుగునను ఇడ్లీపొట్లములు, సినిమాపాటల హోరు. విరూపాక్షుని గోపురము ముందు దిగి పావుగంటలో దర్శనము ముగింతురు. అచ్చటినుండి విఠలాలయమునకు పరుగు. రాతిరథము ముందు నిలిచి ఫోటోలు దిగుట, ఏబదిరూపాయల నోటు చేతబట్టి దానిమీది బొమ్మను ఎదుటి రథముతో సరిచూచుట, పిమ్మట తుంగభద్ర ఆనకట్టకడ భోజనము, తోటలో షికారు, రాత్రికి ఇల్లు. మరునాడు పదిమందితో “హంపీ చూచి వచ్చితిమి” అని చెప్పుకొందురు.

ఏమి చూచిరి? తొమ్మిదంతస్తుల తూర్పుగోపురము దాటి లోపలికి పోయి, కృష్ణదేవరాయలు పట్టాభిషిక్తుడైన సందర్భమున 1510 ప్రాంతమున కట్టించిన రంగమంటపపు పైకప్పువైపు తలయెత్తి చూచినవా రెందరు? అచ్చట విద్యారణ్యస్వామి పల్లకిలో ఊరేగుచున్నాడు. అర్జునుడు మత్స్యయంత్రమును కొట్టుచున్నాడు. మన్మథుడు పరమశివునిపై బాణ మెక్కుపెట్టుచున్నాడు. గుడి వెనుకతట్టున ఒక చీకటిగదిలో, గోడకున్న చిన్నరంధ్రముగుండ వచ్చిన వెలుగు గోపురపు ప్రతిబింబమును తలక్రిందుగా ఎదుటిగోడపై చిత్రించుచున్నది. వెలుతురు తిన్ననిదారిని పోవునను పాఠమును బడిపిల్లలకు అంతకంటె చక్కగా బోధించు పంతులు లేడు. పావుగంట దర్శనములో ఇవి యేవియు కనబడవు. కనబడక పోయినందుకు ఎవరికిని చింత కూడ లేదు.

ఇక వ్యాజ్యము మాట. తిరుగుప్రయాణమున బస్సులో ఎవరో ఒకరు తప్పక ఎత్తుదురు: “రాయలు మనవాడా, వారివాడా?” అని. అంతట పెద్దలందరికిని నిద్ర వదలును. ఆంధ్రభోజు డని యొకరు, కన్నడరాజ్యరమారమణు డను బిరుదును మరువకుడని మరియొకరు, తుళువవంశమువాడు గనుక ఇద్దరివాడును కాడని వేరొకరు. విజయనగరము 1336లో పుట్టినదనియు, 1565లో రక్కసితంగడి యుద్ధముతో పాడైనదనియు పిల్లలకు చెప్పుటకు తీరిక లేదు గాని, పాడుపడిన కోటకు పట్టా యెవరి పేర నున్నదని వాదించుటకు మాత్రము హోసపేటనుండి బళ్ళారివరకు తీరిక కలదు.

నేను పదవతరగతితో చదువు ముగించి, ముప్పది సంవత్సరములకు పైగా కచేరీలో గుమాస్తాగిరి చేసినవాడను. పండితుడను కాను. ఐనను దస్తావేజును చదువుట నాకు తెలియును. వ్యాజ్యము వేయదలచినవాడు మొట్టమొదట కాగితములు చూచుకొనవలెను గదా. హంపీ కాగితము లేమి చెప్పుచున్నవో చూతము.

హంపీలోని శాసనములలో ఎక్కువ కన్నడములు. తెలుగువి కలవు, సంస్కృతములు కలవు, అరవములు కూడ కొన్ని కలవు. ఏ నేలమీద దానమిచ్చినను ఆ నేలవారి భాషలో వ్రాయించుట ఆ ప్రభువుల మర్యాద. రాయలు ఆముక్తమాల్యదను తెలుగున వ్రాసెను. అందలి కథానాయిక శ్రీవిల్లిపుత్తూరి గోదాదేవి, అరవదేశపు ఆడుబిడ్డ. ఆయన సంస్కృతమున జాంబవతీకల్యాణ మను నాటకము వ్రాసినది ఈ విరూపాక్షుని వసంతోత్సవమున ఆడించుటకే. ఆయన కాలముననే తిమ్మణ్ణకవి, కుమారవ్యాసుడు విడిచిపోయిన కన్నడభారతమును పూర్తిచేసెను. ఈ నాలుగు కాగితములను ఒకే కట్టలో పెట్టి చూచిన గుమాస్తా, ఆస్తిని ఏ యొక్కరి ఖాతాలోనికి మార్పగలడు?

అంతకంటె గట్టి సాక్ష్యమొకటి కలదు. ఉదయగిరి మన నెల్లూరుసీమలోనిది. రాయల కాలమున అది ఓఢ్రదేశపు గజపతుల చేతిలో నుండెను. 1514లో రాయలు ఆ దుర్గమును గెలిచి, అచ్చటి బాలకృష్ణవిగ్రహమును హంపీకి తెచ్చి, 1515లో గుడికట్టి ప్రతిష్ఠించెను. ఆ గుడి నేటికిని హంపీలో నున్నది. లోపల బాలకృష్ణుడు లేడు. ఆయన చెన్నపట్టణపు మ్యూజియములో నున్నాడు. తెలుగునేలను, ఓఢ్రప్రభువుల యేలుబడిలో పూజలందుకొని, కన్నడనేలకు ఊరేగివచ్చి, తుదకు అరవనేలను నిలిచిన ఆ చిన్నికృష్ణుని ఏ భాషవాడని నిర్ణయింతము? ఈ సంచిక చదువు సోదరులలో ఓఢ్రమున నున్నవారు కలరు, తమిళనాట నున్నవారు కలరు, కర్ణాటకమున నున్నవారు కలరు. నాలుగుచోట్ల చెదరియున్న మన బ్రతుకునకు ఆ విగ్రహముకంటె దగ్గరి చుట్ట మెవరు? ఐనను మనవారిలో ఎందరు ఆ గుడిలోనికి పోయి, ఖాళీగర్భగృహము చూపి, పిల్లలకు ఈ కథ చెప్పిరి?

మరియొక కాగితము. విజయనగరప్రభువులు తామ్రశాసనముల చివర చేవ్రాలు చేయవలసినచోట తమ పేరు చెక్కింపలేదు. “శ్రీ విరూపాక్ష” అని చెక్కించిరి. వెనుకటి కాలమున ఆరవీటివారు తిరుమలేశుని పేరు పెట్టుకొనువరకు పెక్కు రాజపత్రములకు హంపీదేవుని పేరే ముద్ర. రాజ్యము దేవునిది, తాము ఆయన పక్షమున సంతకముచేయు గుమాస్తాలము అని వారి భావము. యజమాని పేరు అంత స్పష్టముగా వ్రాసిపెట్టిన ఆస్తిని గూర్చి మనము బస్సులో కూర్చుండి తగవులాడుట ఎంత లేకిపని!

ఈ తగవు ఎంతదూరము పోయినదో చూడుడు. 2021లో తిరుమలకొండలలోని అంజనాద్రియే హనుమంతుని జన్మస్థలమని తిరుమల తిరుపతి దేవస్థానమువారు ప్రకటించిరి. కాదు, ఆనెగొంది యొద్దనున్న అంజనాద్రియే యని ఇచ్చటివారు ప్రతివాదము చేసిరి. మన సంఘములలో సైతము రెండుపక్షము లేర్పడినవి. సముద్రమును దాటినవాడు రెండు రాష్ట్రముల పొలిమేరరాయి దాటలేక అచ్చటనే చిక్కుకొనెనా?

కొన్నియేండ్ల క్రిందట నేను స్వయముగా చూచిన ముచ్చట యొకటి మనవిచేసెదను. మనవారి బృందమొకటి హజారరామాలయమున నుండగా, దారిచూపుటకు వచ్చిన ఇరువదియేండ్ల కన్నడబాలుడు మాటలసందున “నమ్మ కృష్ణదేవరాయ” అనెను. బృందములో పెద్దమనిషి యొకరు భగ్గున మండి, “మీవాడెట్లగును? రాయలు తెలుగుకవి!” యని పదిమందిలో వానిని మందలించెను. అంతటితో ఆగక, ప్రక్కనున్న తన మనుమని భుజము తట్టి, “చెప్పరా నాయనా, రాయలు వ్రాసిన కావ్యమేది?” యని యడిగెను. పిల్లవాడు తాతముఖమును, నేలను చూచి ఊరకుండెను. అంతట ఆ కన్నడబాలుడే మెల్లగా, “ఆముక్తమాల్యద, సార్” అనెను. పెద్దమనిషి విననట్లే ముందుకు సాగెను. ఆ దినమున రాయలు ఎవరివాడో నిర్ణయించుటకు వేరు సాక్షి అక్కరలేకపోయెను.

“తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడు” అన్న సామెత మన భాషలోనిదే. పరాయిభాషలో ఇంత చక్కని సామెత యున్నదో లేదో నే నెరుగను. దానికి తగిన ఉదాహరణము మాత్రము మన బస్సులలో నిండుగా నున్నది.

మన పూర్వులు ఇట్లుండలేదు. శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల ఆస్థానమునకు వచ్చి డిండిమభట్టును గెలిచి కనకాభిషేకము పొందెనని చెప్పుకొందుము. ఆయన పొందినది విద్యచేత. మా జాతివాడు ఇచ్చట రాజు అని వాదించి కాదు. అంతదూర మేల? బళ్ళారిలో కోలాచలము శ్రీనివాసరావుగారు విజయనగరపతనమును నాటకముగా వ్రాసిరి. బళ్ళారి రాఘవగారు అందు పఠానుపాత్ర ధరించి ప్రేక్షకులను ఉఱ్ఱూతలూగించిరి. ఆ రాఘవగారే కన్నడనాటకములలోను నటించి మెప్పు పొందిరి. హంపీ మాదని వారు కేకలు వేయలేదు. హంపీని గూర్చి పనిచేసిరి. ఆ పనిచేతనే అది వారిదైనది.

కొందరు నాతో ఇట్లందురు: “అల్పసంఖ్యాకులము. మన పిల్లలకు బడిలో తెలుగు లేదు, కచేరీలో తెలుగు లేదు. రాయలపేరు చెప్పుకొని గర్వపడుటకైన స్వేచ్ఛ లేదా?” ఈ ప్రశ్న తేలికైనది కాదు. 1953లో బళ్ళారిజిల్లా చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోగా, బళ్ళారి మైసూరురాష్ట్రమున చేరెను. ఒకేయింటి అన్నదమ్ములు రెండు రాష్ట్రములవారైరి. పిల్లవాడు ఏ భాషలో చదువవలెను, అర్జీ ఏ భాషలో వ్రాయవలెను అనునది మన పెద్దలకు నిజమైన కష్టము. కాని ఆ కష్టమునకు మందు గుడిలో లేదు. మన యింటిలో నున్నది. పిల్లవానికి వారమునకు రెండు సాయంకాలములు తెలుగక్షరములు దిద్దించు తీరిక లేనివాడు, సంవత్సరమున కొకసారి హంపీలో గర్వపడి యేమి నిలుపగలడు? గర్వము అక్కరలేదని నే ననను. చదువులేని గర్వము పిల్లవాని నెదుట నిలువదని మాత్రమే అనుచున్నాను. పైని చెప్పిన మనుమని మౌనమే దానికి సాక్షి.

ఇక మూడవమాట. క్షేత్ర మనగా గర్భగృహము మాత్రమే కాదు. నది, కొండ, కొలను, వీధి, ఆ వీధిలోని మనుష్యులు అన్నియు కలిసి క్షేత్రము. హంపీకి పూర్వనామము పంపాక్షేత్రము. తుంగభద్రకే పంప యని పేరు. పంపాదేవి విరూపాక్షుని ఇల్లాలు. తెలుగు పాలు కన్నడమున హాలు, పులి హులి, పూవు హూవు ఐనట్లే పంప హంపె యైనది. ఈ యొక్కమాట బస్సులో పిల్లలకు చెప్పిచూడుడు. రెండుభాషలు అక్కచెల్లెండ్రని వారికి వేరుగా బోధింప నక్కరలేదు. ఊరికి అల్లంత దూరమున నున్న నదిలో కాలైన తడపకుండ తిరిగివచ్చుట ఏమి యాత్ర? గంగాస్నానము, తుంగాపానము అని మన పెద్దలు చెప్పినది ఈ నీటిని గూర్చియే. గుడికి దక్షిణమున హేమకూటము. దానిమీది చిన్నచిన్న గుళ్ళలో పెక్కు విజయనగరమునకు ముందే వెలసినవి. సాయంకాలము ఆ బండమీద కూర్చుండినచో గుడి, నది, వీధి మూడును ఒక్కచూపులో ఇముడును.

ఆ వీధియే రథవీధి. గోపురము మొదలు తూర్పున ఏకశిలానందివరకు ఇంచుమించు ముప్పాతిక కిలోమీటరు పొడవు, ఇరుప్రక్కల రాతిసాలుమంటపములు. 1520 ప్రాంతమున వచ్చిన పేయిస్ అను పోర్చుగీసువాడు ఈ వీధి యిండ్లలో యాత్రికులకు బస యొసగుదురని వ్రాసెను. ఆ వ్రాతను రాబర్టు సూయల్ 1900లో ఇంగ్లీషున ప్రకటించెను. అనగా వీధి కట్టినది యాత్రికుడు నిలిచి యుండుటకు. తరువాతికాలమున ఆ మంటపములను ఆనుకొని జనులు ఇండ్లు, దుకాణములు, పూటకూళ్ళు పెట్టుకొనిరి. రక్షిత కట్టడముల ఆక్రమణ యని 2011 జూలైలో అధికారులు వానిని తొలగించిరి. వందలకొలది కుటుంబములు చోటు విడువవలసివచ్చెను. కడ్డిరాంపురమున వారికి స్థలములు చూపుట వెనుకటి మాట.

ఆక్రమణను సమర్థించుట నా యుద్దేశము కాదు. రాతిస్తంభమునకు మేకు కొట్టి గుడారము కట్టుట తప్పే. 1986లో ప్రపంచవారసత్వముగా గుర్తింపబడి, 1999 మొదలు 2006 వరకు ఆపదలోనున్న స్థలముల పట్టికలో చేరిన హంపీకి కట్టుబాట్లు అవసరము. నా ఫిర్యాదు యాత్రికులమైన మనమీదనే. మనము వారి అరుగులమీద కూర్చుండి దోసెలు తింటిమి, వారి చేతి కాఫీ త్రాగితిమి, మన చెప్పులు వారి యొద్ద దాచితిమి. వారు పోయిన తరువాతి యేట, “అమ్మయ్య, ఇప్పుడు ఫోటో శుభ్రముగా వచ్చుచున్నది” అని మనవారే అనగా విన్నాను. రాతిని కాపాడవలెను, దానిని ఆశ్రయించిన బ్రతుకులకు సకాలమున వేరుచోటు చూపవలెను. ఈ రెండును కలిసి యొకే ధర్మమని పలుకుటకు మనలో ఒక్కడు నోరు విప్పలేదు. రాయలు ఎవరివాడను తగవులో వినబడిన గొంతులలో ఒక్కటియు అప్పుడు వినబడలేదు. ఇల్లు విడిచి వేరునేలను స్థిరపడుట యెట్టిదో తాతలనాటినుండి ఎరిగిన మనకే ఆ వేదన తెలియకపోయిన, మరెవరికి తెలియును?

రాతినైన మనము కాపాడుచున్నామా? 2019లో కొందరు యువకులు ఒక మంటపపు స్తంభములను వినోదమునకు పడద్రోసి, ఆ దృశ్యమును సెల్‌ఫోనులో పట్టిరి. న్యాయస్థానము వారికి తలకు డెబ్బదివేల రూపాయల జుల్మానా విధించి, వారిచేతనే స్తంభములను తిరిగి నిలబెట్టించెను. మంచితీర్పు. కాని పడద్రోయుటకు పూనుకొనక మునుపు ఆ స్తంభము ఏమిటో వారికి చెప్పిన పెద్ద యెవరును లేడు. విఠలాలయమున సంగీతస్తంభములను కొట్టరాదని కట్టడి యున్నది. “ఒక్కసారి” అని కావలివానిని బ్రతిమాలు పెద్దలు మనలోనే కలరు. 2024 మే నెలలో వానలకు రథవీధి సాలుమంటపములలో కొంతభాగము కూలెను. ఐదువందలయేండ్ల రాయి పిల్లలవలెనే శ్రద్ధ కోరును.

“ఇన్ని తప్పులెన్నుచున్నావు, చేయవలసినదేమి?” అని మీ రడుగుట న్యాయము. నా మనవి యిది. ఒక్కదినపు పరుగు మానుడు. హోసపేటలోనో కమలాపురములోనో ఒక రాత్రి బసచేయుడు. హంపీ అచ్చటికి ఎంతదూరమో కాదు. మొదటిసాయంకాలము నది, విరూపాక్షుడు, హేమకూటము, అంతే. రెండవదినము ప్రొద్దున నందివరకు వీధి పొడుగునను నడువుడు. పిమ్మట కృష్ణాలయము, దాని దాపున 1528లో రాయలు ప్రతిష్ఠించిన ఏకశిలానరసింహుడు, ప్రక్కనే నీటిలో నిలిచిన బడవిలింగము. అనంతరము హజారరామాలయపు గోడలమీది రామాయణము. రాతిరథమును చివరకు ఉంచుడు. ఫోటోలకు అప్పుడు కూడ వెలుతు రుండును.

బయలుదేరుటకు ముందు నెలదినములు సంఘమున పిల్లలను కూర్చుండబెట్టి హంపీని గూర్చి నాలుగుపుటలు తెలుగున చదివింపుడు. తప్పులతో చదివినను చదువనిండు. యాత్రలో ఒక్కొక్క పిల్లవాడు ఒక్కొక్కచోట నిలిచి పదిమాటలు తెలుగున చెప్పునట్లు ఏర్పాటు చేయుడు. అటుపిమ్మట స్థానికుడైన మార్గదర్శకుడు కన్నడమున చెప్పునది శ్రద్ధగా వినిపింపుడు. అతడు “నమ్మ రాయరు” అన్నచో చేతులు జోడించి, “మా రాయలు కూడ” అనుడు. అతనికి ఇవ్వవలసినది బేరమాడక ఇయ్యుడు. భోజనము మూటకట్టుకొనిపోక, అచ్చటివారి పూటకూటిలో తినుడు. వెంట తీసికొనిపోయిన ప్లాస్టిక్కును వెంటనే తీసికొనిరండు. నదిలో దిగునప్పుడు మాత్రము స్థానికులు చూపినచోటనే దిగుడు. ఆ బండలసందున సుళ్ళు కలవు.

ఇందు ఖర్చైనది ఒక రాత్రి బస. లాభమేమని యడుగువారికి ఒక్కమాట. మన మనుమల కాలమునకు ఇంటిలో తెలుగు నిలుచునో లేదో నిశ్చయము లేదు. నిలిచినచో అది ఉపన్యాసములచేత కాక, ఇట్టి యొక చోట ఒక తెలుగుమాటకు అర్థము కంటియెదుట కనబడినందుచేతనే నిలుచును. రంగమంటపము, సాలుమంటపము, తామ్రశాసనము, చేవ్రాలు అను మాటలు పుస్తకములో చదివిన పిల్లవాడు మరచును, రాతిమీద చూచిన పిల్లవాడు మరువడు.

చైత్రమాసమున విరూపాక్షుని రథోత్సవము జరుగును. ఆ దినమున రథపుత్రాటిని పట్టువారిలో కన్నడమువారు, తెలుగువారు, మరాఠీవారు, ఉరుదూ మాటాడువారు సైతము కనబడుదురు. త్రాటిని పట్టిన చేతిని భాష యేదని ఎవరును అడుగరు. వచ్చు చైత్రమునకు సంఘమువారు బస్సు కుదుర్చునప్పుడు ఒకదినమునకు కాక రెండుదినములకు కుదుర్పవలెననియు, ఆ లోపల మన పిల్లలచేత ఆముక్తమాల్యద యను పేరైనను తప్పులేకుండ వ్రాయింపవలెననియు కార్యవర్గమువారిని, తల్లిదండ్రులను సవినయముగా వేడుకొనుచున్నాను.